డబ్బాలో గోళీ కథ

స్ప్రే పెయింటు డబ్బాను ఊపితే లోపల ఏదో గలగలమంటుంది. అదొక చిన్న గోళీ. అడుగున పేరుకున్న రంగును కలియబెట్టడానికి వేస్తారు. గేటుకు రాసుకుని గీతలు పడ్డ బంపర్ ముందు గొంతుకూర్చుని ఆ చప్పుడు వింటుంటే, ఆ డబ్బా, పక్కన టేపు చుట్ట, బకెట్లో నానుతున్న వాటర్ పేపర్ అనే గరుకు కాగితం ఎక్కడెక్కడి నుంచి నా వాకిట్లోకి వచ్చాయో గుర్తొస్తుంది.

తొలినాళ్లలో కార్లకూ గుర్రపు బగ్గీలకు వేసినట్టే కుంచెతో రంగు వేసేవారు. పూత మీద పూత, ఆపైన వార్నిష్; అన్నీ ఆరేసరికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కలిసి తెచ్చిన కొత్త రంగు గంటల్లో ఆరిపోయింది. దాని పేరు డ్యూకో. మన పెయింటర్లు నేటికీ బీరువా మీద మెరిసే రంగును 'డ్యూకో' అంటారే, ఆ మాట అక్కడిదే.

త్వరగా ఆరే రంగుతో రెండు రంగుల కార్ల మోజు పెరిగింది. కష్టమంతా ఆ రెండు రంగులు కలిసే గీత దగ్గర. ఒక సగాన్ని కాగితంతో కప్పి అంటించేవారు. తీసేటప్పుడు కొత్త రంగు కూడా ఊడి వచ్చేది. అప్పట్లో గరుకు కాగితాలు చేసే మిన్నెసోటా కంపెనీ, ఇప్పటి త్రీఎమ్, తరఫున రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు వాటర్ పేపర్ పరీక్షించడానికి ఒక కార్ల షెడ్డుకు వెళ్లాడు. అక్కడి పెయింటర్ల తిట్లు విని, పట్టుకోవాల్సినంతే పట్టుకుని తేలిగ్గా ఊడివచ్చే టేపు చేస్తానని మాటిచ్చాడు. 1925లో మాస్కింగ్ టేపు వచ్చింది. తిట్టినవాళ్ల బాధను మనసుకు పట్టించుకున్న ఆ కుర్రాడంటే నాకు ఎంతో గౌరవం.

డబ్బాది మరో దారి. ఒత్తిడిలో ఉన్న వాయువుతో ద్రవాన్ని చిమ్మించే డబ్బాను 1920లలో నార్వే ఇంజనీరు ఎరిక్ రోథైమ్ రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను దోమల నుంచి కాపాడడానికి అమెరికా వ్యవసాయ శాఖవారు అందులో పురుగుమందు నింపారు. రంగు మాత్రం 1949లో చేరింది. ఇలినాయ్ రాష్ట్రం సికమోర్ ఊళ్లో ఎడ్వర్డ్ సేమూర్ రంగుల వ్యాపారి. గదులను వెచ్చబెట్టే రేడియేటర్లకు వేసే అల్యూమినియం రంగును కొనేవాళ్లకు ఎలా చూపించాలా అని ఆలోచిస్తుంటే, డబ్బాలోంచి చిమ్మితే సరి అని చెప్పింది ఆయన భార్య బానీ. పేటెంటు మీద భర్త పేరు ఉంది గానీ ఆలోచన ఆవిడది.

డబ్బాలో రంగుతోపాటు ద్రవంగా మారిన వాయువు ఉంటుంది. నాజిల్ నొక్కగానే అది చటుక్కున ఆవిరై రంగును తుంపరలుగా చీలుస్తుంది. మొదట్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మోలినా, రోలండ్ చెప్పారు. వాటి బదులు వచ్చినవాటిలో మన వంటగ్యాసు జాతివే ఎక్కువ. అందుకే ఆరుబయటే, నిప్పుకు దూరంగా కొట్టాలి.

అంబాసిడర్ కాలపు ఉక్కు బంపర్‌కు సొట్ట పడితే సుత్తి, క్రోమ్ పూత. ఇప్పటి బంపర్లు, బీడింగులు ఎక్కువగా పాలీప్రొపిలీన్. 1954లో ఇటలీలో జూలియో నట్టా తయారుచేసిన ఈ ప్లాస్టిక్‌కు ఏ రంగూ ఓ పట్టాన అంటదు. ఇంట్లో వేసిన రంగు నెల తిరక్కుండా పొలుసులుగా లేస్తే తప్పు చాలాసార్లు రంగుది కాదు, ముందు ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టకపోవడానిది. సబ్బునీళ్లతో కడిగి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ ఆరాక జానెడు దూరం నుంచి పలుచటి పూతలు నాలుగు వేయాలి. ఒక్కసారే దట్టంగా కొడితే కారిపోతుంది.

పనయ్యాక డబ్బాను తలకిందులు చేసి, రంగు ఆగి గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కండి. అప్పుడు నాజిల్ పూడుకుపోదు. మళ్లీ గేటు తగిలిన రోజున అదే డబ్బా పనికొస్తుంది.