ప్రొక్లెయిన్ అంటే ఇక్కడ ఎవరికీ తెలీదు

అన్నలూ, తమ్ముళ్లూ, గంగాలిన్ నుంచి మళ్లీ ఒక పొడుగు పోస్టు. ఆదివారమే కదా, టీ తాగుతూ చదవండి.

ఇక్కడ ట్రామ్ లైన్ 2019 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ లైన్ పక్కన అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి. అలాంటి ఒక సైటులో నా మొదటి రోజు. ఏ మిషన్ దగ్గర పనిచేశావని ఫోర్‌మన్ అడిగాడు. "ప్రొక్లెయిన్ దగ్గర ఆరేళ్లు" అన్నా, గర్వంగా. ఆయనకి అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పా. చివరికి ఫోన్లో ఫోటో చూపిస్తే "ఓ, ఎక్స్‌కవేటర్!" అని నవ్వాడు. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ తప్పు మాట పలికానేమో అనుకున్నా.

తప్పేం కాదని తర్వాత తెలిసింది. పొక్లెయిన్ అనేది ఫ్రాన్స్ కంపెనీ, 1927లో పెట్టారు. మొదట్లో వ్యవసాయానికి పనికొచ్చే బండ్లు చేసేవాళ్లు. అప్పట్లో తవ్వే మిషన్లు ఇనుప తాళ్లతో, చక్రాలతో నడిచేవి. 1950ల నుంచి వీళ్లు ఆయిల్ ప్రెషర్‌తో, అంటే హైడ్రాలిక్స్‌తో చెయ్యి కదిలే మిషన్లు చేసి పేరు తెచ్చుకున్నారు. ఆ మిషన్లనే మన దేశంలో లార్సెన్ అండ్ టూబ్రో వాళ్లు తయారుచేశారు. మన నోట్లో పడి మధ్యలో ఒక 'ర' చేరింది, ప్రొక్లెయిన్ అయింది. కొందరికి ప్రొక్లెయినర్. ఇప్పుడు హిటాచీ వచ్చినా, వోల్వో వచ్చినా మనకి ప్రొక్లెయినే.

జేసీబీ కథా అంతే. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లండ్‌లో పెట్టిన కంపెనీ. ఆయన పేరులోని పొడి అక్షరాలే జేసీబీ. 1979లో మన దేశానికొచ్చింది. ముందు లోడర్, వెనక తవ్వే చెయ్యి ఉన్న ఆ టైర్ల బండి అసలు పేరు బ్యాక్‌హో లోడర్. మన ఊళ్లో ఆ మాట అంటే ఎవరైనా పలుకుతారా?

ఈ మిషన్లు రాకముందు మన పనిముట్లు గడ్డపార, పార, తట్ట. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ డ్యాం రాయి రాయి పేర్చి కట్టింది. వేలమంది మోశారు. మట్టిపనికి, డ్యాం పనికి దేశమంతా తిరిగిన మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లకి "పాలమూరు లేబర్" అనే పేరే స్థిరపడింది. చూడండి, కంపెనీ పేరు మిషన్‌కి పేరైంది, జిల్లా పేరు కూలీకి పేరైంది. మిషన్ కనిపెట్టినోడి పేరు అందరి నోట్లో ఉంది. తట్ట మోసినోడి పేరు మాత్రం వాడి ఇంట్లోవాళ్లకే తెలుసు.

ఇక్కడోళ్లూ మనలాగే. బాబ్‌క్యాట్ అంటే అమెరికాలో ఒక అడవిపిల్లి. 1962లో అక్కడి కంపెనీ ఒకటి చిన్న లోడర్‌కి ఆ పేరు పెట్టింది. ఇప్పుడు ఇక్కడ ఏ కంపెనీ చిన్న లోడర్ అయినా బాబ్‌క్యాటే. నాకది తెలీదు. రెండో వారంలో ఒకడు వెనకనుంచి "బాబ్‌క్యాట్!" అని అరిచాడు. పిల్లి ఎక్కడా అని చూస్తూ నిలబడ్డా. చొక్కా పట్టి పక్కకి లాగాడు. బండి రివర్స్‌లో నేను నిలబడ్డ చోటిమీదుగా పోయింది.

అందుకే ఈ పోస్టు. మన మాటకి సిగ్గుపడకండి, దానికి మన మాటంత చరిత్రే ఉంది. కానీ సైటులో దిగేముందు ప్రతి మిషన్‌నీ వేలెత్తి చూపించి "దీన్ని ఇక్కడ ఏమంటారు?" అని అడగండి. నవ్వితే నవ్వనీండి. సాయంత్రం ఇంటికి ఫోన్ చేయాల్సింది మనమే.

మీరు ఏ మాట అర్థంకాక ఇబ్బంది పడ్డారో కింద రాయండి. కొత్తగా వచ్చే తమ్ముళ్లకి పనికొస్తుంది.