ఆవిరికి బొగ్గు కాపలా

నిరుడు వేసవిలో మా కారు ముందుపలక మీద పసుపురంగు దీపం వెలిగింది. ఇంజను చప్పుడులో తేడా లేదు, బండి నడకలో తేడా లేదు. కోడు చదివే చిన్న యంత్రాన్ని తగిలించి చూస్తే పి0442 అని వచ్చింది. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటులో ఎక్కడో ఒక సన్నని కన్నం ఉన్నదని దాని తాత్పర్యం.

మేముండేది దక్షిణ కాలిఫోర్నియాలో, పాసడీనాకు దగ్గర. ఇక్కడ కాస్త పాతబడిన కార్లకు రెండేళ్ళకొకసారి పొగ పరీక్ష తప్పదు. ఆ దీపం వెలుగుతూ ఉంటే పరీక్ష తప్పినట్టే. మా గడువు నెలరోజులే ఉంది. ఈ సంగతి ఒక తెలుగు మిత్రునితో చెప్పుకుంటే ఆయన నవ్వేసి, "ఎందుకండీ అంత హైరానా? కోడు తుడిచేసి, ట్యాంకు నిండుగా ఉంచి నాలుగు రోజులు తిప్పండి. నిండు ట్యాంకుతో కంప్యూటరు ఆవిరి పరీక్ష చేయనే చేయదు. 2000 తరువాతి పెట్రోలు కార్లకు ఆ ఒక్క పరీక్షా మిగిలిపోయినా పాస్ చేసేస్తారు" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నిబంధనలో ఆ వెసులుబాటు ఉంది. అసలు కనపడని, వినపడని ఈ ఆవిరిని గురించి ప్రభుత్వానికి ఇంత పట్టింపు ఎందుకొచ్చిందో చూద్దామని పాత సంగతులు తిరగేయడం మొదలుపెట్టాను. తీరా చూస్తే ఆ కథ మా ఊరి పొలిమేరలోనే మొదలైంది.

1943 జూలైలో ఒకనాడు లాస్ ఏంజిలెస్ నగరాన్ని దట్టమైన మసక కమ్మేసింది. కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కావడంతో శత్రువులు విషవాయువు వదిలారేమోనని కూడా జనం భయపడ్డారు. చివరకు కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే కర్మాగారం మీద నేరం మోపి, దాన్ని మూయించారు. మసక మాత్రం మళ్ళీ వచ్చింది.

గుట్టు విప్పినవాడు ఆరీ హాగెన్-స్మిట్. హాలండులో పుట్టి, పాసడీనాలోని కాల్టెక్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త. అప్పటికి ఆయన వ్యాసంగం అనాసపండు వాసన! పండు నుంచి వచ్చే ఆవిరిని అతిశీతలంగా చల్లార్చి, అందులో ఏమేమున్నాయో విడదీసేవాడు. అదే పద్ధతిలో నగరపు గాలినీ చల్లార్చి చూశాడు. వాహనాల నుంచీ చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వెలువడే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో చర్య జరిపి ఓజోనును పుట్టిస్తున్నాయని 1950ల తొలినాళ్ళలో తేల్చాడు. వంచి కట్టిన రబ్బరు ముక్కలను గాలిలో ఉంచి, వాటిమీద పగుళ్ళు రావడానికి పట్టే వ్యవధిని బట్టి ఓజోనును కొలిచేవాడు. చమురు పరిశ్రమ డబ్బుతో నడిచిన మరొక పరిశోధన ఆయన మాటను ప్రశ్నించింది. దాంతో ఆయన పట్టుదల పెరిగిందే గాని తగ్గలేదు. 1967 నాటి చట్టంతో ఏర్పడిన కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి ఆయనే తొలి అధ్యక్షుడు. 1977లో కన్నుమూశాడు.

హైడ్రోకార్బన్లనగానే మనకు పొగగొట్టమే గుర్తుకొస్తుంది. కాని ఆ రోజుల్లో కారు వదిలే హైడ్రోకార్బన్లలో సుమారు ఐదోవంతు ట్యాంకు నుంచీ కార్బ్యురేటరు నుంచీ ఊరికే ఆవిరైపోయినదే. కదలకుండా చెట్టుకింద నిలిపిన కారులోంచి కూడా పెట్రోలు హారతికర్పూరంలా హరించిపోయేది. దీన్ని అరికట్టే నిబంధన కాలిఫోర్నియాలో 1970 మోడళ్ళకు, దేశమంతటా 1971 మోడళ్ళకు వచ్చింది.

అందుకు దొరికిన ఉపాయం మన పెద్దలకు తెలిసినదే: బొగ్గు. మన ఇళ్ళలో కుండల వడపోతలో ఇసుకతోబాటు బొగ్గు వేసేవారు కదా! ప్రత్యేకంగా శుద్ధిచేసిన బొగ్గు ఒక గ్రాములో, సూక్ష్మరంధ్రాల లోపలి వైశాల్యమంతా కలిపితే, వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉంటుంది. ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి ఆ బొగ్గును అంటిపెట్టుకుంటుంది. రసాయన పాఠంలో 'అధిశోషణం' అని బట్టీపట్టినది ఇదే. ఇంజను నడిచేటప్పుడు ఒక కవాటం తెరుచుకొని, తాజా గాలి బొగ్గు గుండా ప్రవహించి, ఆవిరిని ఇంజనులోకి మోసుకుపోతుంది. అక్కడది మండిపోతుంది. పారవేయదగిన వస్తువు ఇంధనమైంది. ఇంత పొదుపైన ఏర్పాటు కారు మొత్తంలో మరొకటి లేదనిపించింది.

ఆ తరువాత 1996 మోడళ్ళ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి కావడంతో కాపలాదారుకే కాపలా వచ్చింది. కంప్యూటరు బయటి గాలి దారిని మూసి, ఇంజను పీల్పుతో ట్యాంకులో కొద్దిపాటి శూన్యాన్ని కల్పించి, అది ఎంతసేపు నిలుస్తుందో చూస్తుంది. మొదట మిల్లీమీటరు కన్నాన్ని పట్టగలిగితే చాలన్నారు. తరువాత అర మిల్లీమీటరన్నారు. ట్యాంకు మరీ నిండినా, మరీ ఖాళీ అయినా ఈ లెక్క సరిగా తేలదు. నా మిత్రుడు చెప్పిన కిటుకు ఇక్కడిదే.

ఇంత చదివాక కోడు తుడిచేయడానికి చేయి రాలేదు. ముందు ట్యాంకు మూత మార్చాను, ఎక్కువసార్లు దోషి అదే కనుక. వారానికి దీపం మళ్ళీ వెలిగింది. బొగ్గుడబ్బా మార్చేద్దామా అనుకొని, ధర చూసి ఆగాను. ఊహతో భాగాలు మార్చడం వైద్యం కాదు, జూదం. చివరకు ఒక మరమ్మతు దుకాణంలో పొగయంత్రం పెట్టించాను. ఆవిరి గొట్టాలలోకి అతి తక్కువ ఒత్తిడితో పొగను పంపి, ఎక్కడ బయటపడుతుందో దీపం వేసి వెదుకుతారు. వెనుక చక్రాల మధ్య, బొగ్గుడబ్బాకు చేరే రబ్బరు గొట్టం వంపులో, అగరొత్తి పొగలాంటి సన్నని తీగ ఒకటి పైకి లేచింది.

గొట్టం విప్పి చేతికిచ్చారు. వంపు పొడవునా వెంట్రుకల్లాంటి పగుళ్ళు. వయసు తెచ్చినవో, ఓజోను తెచ్చినవో నేను చెప్పలేను. కాని ఇదే లోయలో ఒక మనిషి వంచి కట్టిన రబ్బరు మీద ఇలాంటి పగుళ్ళనే గడియారం పట్టుకొని లెక్కపెట్టాడు. ఓజోనుకు బీజమైన ఆవిరి ఇప్పుడు అలాంటి పగుళ్ళలోంచే నా కారు నుంచి గాలిలోకి పోతోంది.

గొట్టం ఖరీదు ఇరవై డాలర్ల లోపే. కోడు తుడిపించి, ట్యాంకు సగానికి ఉంచి, రాత్రి చల్లారిన బండిని ఉదయాన నడిపాను. నాలుగోనాటికి ఆవిరి పరీక్ష పూర్తయి, నెగ్గినట్టు చూపింది. బంకులో గొట్టం టక్కుమని ఆగిన తరువాత ఇంకో రెండు చుక్కలు నింపే అలవాటు కూడా మానుకున్నాను. ఆ చుక్కలు బొగ్గులోకి దిగితే డబ్బా పాడవుతుందట.

మిత్రునికి ఈ సంగతి చెబితే, "ఎవరికి తెలుస్తుందని?" అన్నారు. నిజమే, ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం మా వీధి చివరినుంచి శాన్ గేబ్రియల్ కొండలు స్పష్టంగా కనిపించాయి. 1950లలో ఇక్కడివాళ్ళకు అవి రోజుల తరబడి కనిపించేవి కావు.