లక్కపిడతల నుంచి ప్లే కార్నర్ దాకా: ఉత్తుత్తి ఆటకి వందేళ్ల చరిత్ర

ప్రీస్కూల్ క్లాసులో ఒక మూల బుల్లి కిచెన్, ఇంకో మూల డాక్టర్ క్లినిక్, పక్కనే కిరాణా కొట్టు. ఇవి చూడగానే చాలామంది పేరెంట్స్‌కి వచ్చే డౌట్ ఒకటే: "ఇంత ఫీజు కట్టేది ఆడుకోవడానికా?" ఇదేం కొత్త డౌట్ కాదండి. వందేళ్ల నుంచీ నడుస్తున్న వాదన.

1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల పేటలో మరియా మాంటిస్సోరి తన మొదటి బడి తెరిచారు. అక్కడ బొమ్మలు కూడా పెట్టారు. పిల్లలు వాటి జోలికే పెద్దగా పోలేదు. వాళ్లకి నిజమైన పనులే నచ్చాయి. దాంతో ఆవిడ ఉత్తుత్తి ఆట కంటే అసలు పనే మేలన్నారు.

న్యూయార్క్‌లో కరోలిన్ ప్రాట్‌ది వేరే రూటు. 1914లో ఆవిడ పెట్టిన ప్లే స్కూల్‌లో ముఖ్యమైన సామాను చెక్క దిమ్మలు. మందం, వెడల్పు, పొడవు 1:2:4 లెక్కలో ఉంటాయి, అందుకే ఒకదానికొకటి చక్కగా అమరుతాయి. పిల్లల్ని ఓడరేవుకి తీసుకెళ్లేవారు. తిరిగొచ్చాక చూసింది వాళ్లే దిమ్మలతో కట్టేవారు.

మరి ఈ ఆటలో బుర్రకి పనేంటి? 1933లో రష్యన్ సైకాలజిస్ట్ లెవ్ వైగాట్‌స్కీ ఒక ఉపన్యాసంలో దీన్ని వివరించారు. కర్ర గుర్రమైందంటే పిల్లాడు వస్తువు నుంచి అర్థాన్ని విడదీశాడన్నమాట. గీతని 'అ' అని చదవాలన్నా కావాల్సింది ఆ శక్తే కదా! పైగా డాక్టర్ వేషం వేస్తే డాక్టర్‌లాగే ఉండాలి. ఎవరూ చెప్పకుండానే రూల్ పాటిస్తాడు.

1968లో ఇజ్రాయెల్ పరిశోధకురాలు సారా స్మిలాన్‌స్కీ తన పుస్తకంలో ఇంకో ముక్క చేర్చారు. సామాను పెట్టేస్తే చాలదు. ఇలాంటి ఆట అలవాటు లేని పిల్లలతో పెద్దవాళ్లు కాసేపు కలిసి ఆడితే, ఆట ఊపందుకుంటుంది.

మన దగ్గర ప్లే కార్నర్ అనే మాట రాకముందే లక్కపిడతలు, గుజ్జనగూళ్లు ఉన్నాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

కాబట్టి అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు కిచెన్ సెట్ ఎంత ఖరీదైందో చూడకండి. రెండే అడగండి: ఆడుకోవడానికి రోజూ ఎంతసేపు ఇస్తారు? టీచర్ కూడా కింద కూర్చుని ఉత్తుత్తి టీ తాగుతారా? మీ చిన్నప్పటి ఉత్తుత్తి ఆట ఏంటో కామెంట్స్‌లో చెప్పండి. ఉంటాను మరి!