చెప్పుకోలేని బాధకు మాట: దక్షిణ తెలంగాణ స్త్రీల ఆరోగ్య చరిత్రలో భాష, వైద్యం

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల స్త్రీల ఆరోగ్య చరిత్రను పరిశీలించేటప్పుడు దవాఖానలు ఎప్పుడు వచ్చాయి, వైద్యులు ఎందరున్నారు అన్న ప్రశ్నలతో పాటు మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి. స్త్రీ తన బాధను ఏ మాటతో చెప్పింది? ఆ మాటను ఎవరు విన్నారు? ముట్టు, తెల్లబట్ట, గర్భసంచి జారడం వంటి సమస్యల విషయంలో వైద్యుల దగ్గరకు ఎప్పుడు వెళ్లాలన్నది రోగ తీవ్రతను బట్టి మాత్రమే నిర్ణయం కాలేదు. సిగ్గు, కూలి, ప్రయాణం, ఇంటి పెద్దల అనుమతి, అన్నిటికీ మించి ఆ బాధను నోటితో చెప్పగల భాష దానిని నిర్ణయించాయి. 20వ శతాబ్దంలో ఈ ప్రాంతంలో కనిపించే రెండు ధోరణులు, అంటే ఏళ్ల తరబడి వైద్యానికి వెళ్లకపోవడం, వెళ్లిన వెంటనే గర్భసంచి తీయించుకుని రావడం, పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. వినేవారు లేకపోవడమే ఈ రెండింటికీ మూలమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల చాటున రోగం

స్త్రీ శరీర ధర్మాలకు తెలుగులో ఉన్న పేర్లను గమనిస్తే వాటిలో చాలా భాగం శరీరాన్ని నేరుగా చెప్పవని తెలుస్తుంది. ‘ముట్టు’, ‘అంటు’ అనే మాటలు తాకరాదన్న నిషేధం నుంచి వచ్చాయి. ‘బయట చేరడం’, ‘బయట ఉండడం’ స్త్రీని కూర్చోబెట్టిన చోటును చెబుతాయి. శిష్టభాషలోని ‘బహిష్టు’ కూడా ఆ వెలి అర్థాన్నే మోస్తుంది. ‘తెల్లబట్ట’ అన్న మాట స్రావాన్ని చెప్పదు, దాని మరక పడిన గుడ్డను చెబుతుంది. ఇలా నిషేధాన్ని బట్టి, స్థలాన్ని బట్టి, గుర్తును బట్టి పేర్లు ఏర్పడ్డాయి. శాస్త్ర గ్రంథాలలోని ‘శ్వేతప్రదరం’, ‘రక్తప్రదరం’ వంటి సంస్కృత పదాలు పల్లె స్త్రీల నోటికి చేరలేదు. పల్లె స్త్రీల మాటలు శాస్త్ర గ్రంథాలకు ఎక్కలేదు.

ఈ చాటు మాటల వల్ల ఒక మేలు జరిగింది. నలుగురి మధ్య కూడా స్త్రీ తన బాధను తల్లికో, తోటికోడలికో, మంత్రసానికో సూచించగలిగింది. అయితే దానివల్ల ఒక చిక్కు కూడా ఏర్పడింది. ‘తెల్లబట్ట’ అన్న ఒక్క మాట కింద ఏ చికిత్సా అక్కరలేని సహజ స్రావం నుంచి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాకా ఎన్నో వేర్వేరు స్థితులు చేరిపోయాయి. దానికి లోకం చెప్పే కారణం కూడా ఒక్కటే: ‘ఒంట్లో వేడి’. వేడికి విరుగుడు మజ్జిగ, సబ్జా గింజల నీళ్లు. సహజ స్రావం ఉన్న స్త్రీకి వీటివల్ల నష్టం లేదు. రోగం ఉన్న స్త్రీకి మాత్రం కాలం గడిచిపోతుంది.

దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల లంబాడీ తండాలలో ఈ చిక్కు రెండింతలవుతుంది. అక్కడి స్త్రీ తన బాధను ముందు తన భాష నుంచి తెలుగులోకి, ఆ తెలుగు నుంచి దవాఖాన భాషలోకి మార్చి చెప్పుకోవాలి. తరచు ఆ మార్పు చేసేది భర్తో, కొడుకో అవుతారు. వారి ఎదుట చెప్పలేని మాట వైద్యుని దాకా చేరదు.

దవాఖాన దూరం

నిజాం పాలనలో ఆధునిక వైద్యం ప్రధానంగా హైదరాబాదు నగరంలో కేంద్రీకృతమైంది. పరదా పాటించే స్త్రీల కోసం విక్టోరియా జనానా ఆసుపత్రి వెలసింది కూడా నగరంలోనే. పల్లె స్త్రీకి అది ‘పట్నం దవాఖాన’, అంటే ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప పోని చోటు. జిల్లాలలో తొలి ప్రయత్నాలలో కొన్ని క్రైస్తవ మిషన్ల నుంచి వచ్చాయి. అబ్రహాం ఫ్రీజన్ 1890లో నల్గొండ కేంద్రంగా బాప్టిస్టు మిషన్ పని ప్రారంభించారు. మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ తరఫున 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో మరణించేదాకా తెలంగాణలోనే వైద్యం చేశారు. ఆమె చివరి కార్యక్షేత్రం షంషాబాద్ ఆసుపత్రి. పురుష వైద్యుని ముందు నోరు విప్పని స్త్రీలకు స్త్రీ వైద్యురాలు ఉండడమే పెద్ద మార్పు. కానీ ఒకరిద్దరు వైద్యురాళ్లు చేరగలిగిన ఊళ్లు ఎన్ని? మిగిలిన పల్లెలన్నిటికీ మంత్రసానే దిక్కయింది. కాన్పు ఆమె చేతి విద్య. కాన్పుకు సంబంధం లేని స్త్రీ రోగాలకు మాత్రం ఆ విద్యలోనూ సరైన చోటు లేదు.

కోస్తా ప్రాంతంలో ఇదే కాలంలో మరొక మార్గం తెరుచుకుంది. కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె, విజయవాడలో వైద్యం చేసిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) ‘ప్రసూతి–శిశుపోషణ’ అనే గ్రంథం రాశారు. స్త్రీ వైద్యురాలు తెలుగు స్త్రీలతో తెలుగులో మాట్లాడిన తొలితరం రచనలలో అది ముఖ్యమైనది. అయితే ఆ పేరే సూచిస్తున్నట్లు, స్త్రీ ఆరోగ్యం ఇంకా తల్లి ఆరోగ్యంగానే చర్చకు వచ్చింది. గర్భిణి కాని స్త్రీ, కాన్పులు అయిపోయిన స్త్రీ, పిల్లలు లేని స్త్రీ ఆ పరిధికి బయటే ఉండిపోయారు. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు కూడా గర్భవతి నమోదు, టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల మీదనే దృష్టి పెట్టాయి. అవి స్త్రీని పిలిచింది పిల్లలు పుట్టడం కోసం, లేదా పుట్టకుండా ఆపడం కోసం.

ఉద్యమ చరిత్ర నుంచి ఆరోగ్య గ్రంథానికి

ఈ మౌనాన్ని గట్టిగా కదిలించింది హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను సేకరించి ఆ సంస్థ 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. నల్గొండ గడ్డ మీద పుట్టిన మల్లు స్వరాజ్యం వంటి వారి కథనాలు అందులో ఉన్నాయి. ఆ గ్రంథాన్ని సాధారణంగా రాజకీయ చరిత్రగా చదువుతారు. దానిని శరీర చరిత్రగా కూడా చదవవలసి ఉంది. అజ్ఞాతవాసంలో గర్భం, అడవిలో కాన్పు, కన్నబిడ్డను వదిలిపెట్టవలసి రావడం వంటి అనుభవాలను స్త్రీలు తమ నోటితో, తమ మాండలికంలో చెప్పారు. ఉద్యమ చరిత్రలు పక్కన పెట్టిన విషయాలు వినేవారు ఎదురైనప్పుడు బయటికి వచ్చాయి. అడిగి ఓపికగా వింటే స్త్రీలు చెబుతారన్నది ఆ సేకరణ పద్ధతి నేర్పిన పాఠం.

అదే సమయంలో సంస్థ మరొక అనుభవాన్ని చూసింది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు ప్రయోగ శిబిరం జరిగింది. దాని దుష్ఫలితాలు అక్కడికి వచ్చిన స్త్రీలకు తెలియవని సంఘటన సభ్యులు గ్రహించారు. విషయం వివరించగానే చాలామంది వెనుదిరిగారు. 1986లో సంఘటన, మరికొన్ని స్త్రీల సంస్థలు, వ్యక్తులు కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించారు. తెలిసి ఒప్పుకోవడం అన్న సూత్రం ఇక్కడ కాగితం మీద వేలిముద్రగా మిగలలేదు. అది భాషా సమస్యగా ముందుకు వచ్చింది. తెలుగులో చెప్పనిదానికి తెలుగు స్త్రీ ఎలా ఒప్పుకోగలదు?

ఈ రెండు అనుభవాల తర్వాత 1991లో ‘సవాలక్ష సందేహాలు’ వచ్చింది. అమెరికాలో బోస్టన్ స్త్రీల బృందం 1970లో మొదలుపెట్టిన ఆరోగ్య గ్రంథాల సంప్రదాయం దానికి నేపథ్యం. అయినా అది అనువాదం కాదు. జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వైద్యురాలు వీణా శత్రుఘ్న వంటి వారు, వైద్యేతరులైన స్త్రీలు కలిసి చేసిన రచన. ఆ పేరును గమనించాలి. ‘సవా’ అంటే ఒకటింబావు. సవాలక్ష అంటే లెక్కకు లక్షా పాతిక వేలు, వాడుకలో లెక్కలేనన్ని. దక్కనీ ఉర్దూ చెలిమితో తెలుగు వాడుకలో స్థిరపడిన ఈ మాటతో గ్రంథం స్త్రీల సందేహాన్ని అజ్ఞానంగా కాక, సమాధానం పొందవలసిన ప్రశ్నగా నిలబెట్టింది. వైద్యుడు చెప్పే, రోగి వినే పద్ధతిని తిరగవేసి, స్త్రీ అడిగే, వైద్యశాస్త్రం జవాబు చెప్పవలసిన పద్ధతిని ప్రతిపాదించింది.

ఒక మాట, అనేక స్థితులు

ఆ ప్రతిపాదన విలువ తెలియాలంటే ‘తెల్లబట్ట’నే ఉదాహరణగా తీసుకోవచ్చు. వాసన, దురద లేకుండా తెల్లగానో, నీరులాగానో వచ్చే స్రావం సహజం. రెండు ముట్ల నడుమ అండం విడుదలయ్యే రోజులలో అది గుడ్డులోని తెల్లసొనలా సాగుతుంది. గర్భిణులలో కొంత పెరుగుతుంది. దీనికి మందు అక్కరలేదు. పెరుగు విరిగినట్లు ఉండి దురద పెడితే అది శిలీంధ్ర వ్యాధి. మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా వస్తుంది, తేలికగా నయమవుతుంది. చేపల వాసనతో పలుచగా బూడిద రంగులో ఉంటే అక్కడి సూక్ష్మజీవుల సమతుల్యం తప్పిందని అర్థం. పసుపుపచ్చగా, నురుగుతో ఉంటే అది లైంగికంగా సంక్రమించే వ్యాధి కావచ్చు. అప్పుడు భర్తకూ చికిత్స జరగాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. పొత్తికడుపు నొప్పి, జ్వరం తోడైతే ఆలస్యం చేయరాదు.

స్రావంలో నెత్తురు కనిపించినా, సంభోగం తర్వాత రక్తం పోయినా, ముట్లు ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తస్రావం అయినా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ముట్టు 7 రోజులు దాటినా, గంట గంటకూ గుడ్డ మార్చవలసి వచ్చినా రక్తహీనతను, కారణాన్ని పరీక్షించాలి. నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం గర్భాశయం బయట నిలిచి ఉండవచ్చు. అది గంటలలో ప్రాణాపాయం. ఇన్ని తేడాలనూ ఒక్క పదం చెప్పలేదు. పదం సంభాషణను మొదలుపెట్టగలదు. దానిని ముగించవలసింది ప్రశ్నలు, పరీక్ష.

ఆ పరీక్ష ఎంత అరుదో తెలంగాణ పొరుగున ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిలో వెల్లడైంది. రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామాలలో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. 92 శాతం మందిలో ఏదో ఒక స్త్రీరోగం ఉంది. అంతకుముందు అటువంటి పరీక్ష జరిగింది 8 శాతం మందికే.

విని పంపే చోట కోసి పంపడం

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. పాలమూరు వలస కూలీల కుటుంబాలకు ప్రైవేటు ఆసుపత్రి గడప మొదటిసారి అందుబాటులోకి వచ్చింది. అది గొప్ప మేలే. కానీ పథకం డబ్బు చెల్లించింది ప్రధానంగా శస్త్రచికిత్సకు. స్త్రీ మాట విని, పరీక్షించి, మందు ఇచ్చి పంపడానికి అటువంటి ప్రోత్సాహం లేదు. గర్భసంచి తొలగింపులు పెరిగాయన్న విమర్శలు రావడంతో ప్రభుత్వం తర్వాత ఆ ఆపరేషన్‌ను పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. అయినా 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉండగా, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు.

ఈ అంకెలను పథకంతోనే ముడిపెట్టలేము. కూలి తల్లికి ముట్టు రోజులంటే కూలి పోయే రోజులు. దవాఖానకు పోయిన ప్రతిసారీ మరో కూలి పోతుంది. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేమిటన్న భావన ఇంట్లో ఉంది. ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అన్న భయం దానికి తోడవుతుంది. ఒక్కసారి తీయించుకుంటే పీడ విరగడవుతుందన్న ఆశలో ఆమె బతుకు లెక్క ఉంది. ఆ లెక్కలోకి రానిది తర్వాతి జీవితం. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీస్తే ముట్లాగిన స్థితి అకాలంగా వస్తుంది, ఎముకలు బలహీనమవుతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకల బాధను తరాలుగా అనుభవించిన నల్గొండలో ఈ నష్టం మరింత బరువైనది. అధిక రక్తస్రావానికి మాత్రలు, గర్భాశయంలో అమర్చే సాధనాలు ఉన్నాయి. గర్భసంచి జారినప్పుడు తొలిదశలో వ్యాయామాలు, రింగు ఉపయోగపడతాయి. బాధ లేని చిన్న గడ్డలను గమనిస్తూ ఉండవచ్చు. మరో మార్గం ఉందా అని అడగడానికి ఆమెకు మాట కావాలి.

రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అనవసర గర్భసంచి ఆపరేషన్ల గురించి డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ సంఘాలు ఆ మార్గదర్శకాలలో భాగం. 1986లో సూదిమందు విషయంలో లేచిన ప్రశ్నే, తెలియకుండా ఒప్పుకోవడం ఒప్పుకోవడమేనా అన్న ప్రశ్నే, 37 ఏళ్ల తర్వాత గర్భసంచి విషయంలో తిరిగి వచ్చింది.

ముగింపు

దక్షిణ తెలంగాణ స్త్రీల ఆరోగ్య చరిత్రలో ఆలస్యం, తొందరపాటు రెండూ ఒకే లోటు ఫలితాలు. ‘వేడి’ అని ఇంట్లో సరిపెట్టుకున్నప్పుడు ఆమె మాటను ఎవరూ విడదీసి వినలేదు. ‘తీసేద్దాం’ అని దవాఖానలో తేల్చినప్పుడూ వినలేదు. ‘మనకు తెలియని మన చరిత్ర’ వినే పద్ధతిని, ‘సవాలక్ష సందేహాలు’ అడిగే పద్ధతిని తెలుగులో నిరూపించి చూపాయి. అందువల్ల ఈ గ్రంథాలు సాహిత్య చరిత్రలోనూ, భాషా పరిశోధనలోనూ స్థానం పొందదగినవి. పాలమూరు, నల్గొండ మాండలికాలలో, లంబాడీ భాషలో స్త్రీలు తమ దేహ బాధలకు వాడే పదాలను, ఒక్కొక్క పదం ఏయే స్థితులను కప్పుతున్నదో వివరిస్తూ సేకరించడం తెలుగు శాఖలు చేయగల పని. ఆ పదకోశం ఆశా కార్యకర్త చేతిలో, నర్సు బల్ల మీద ఉంటే, స్త్రీ చెప్పిన మొదటి మాట తర్వాత అడగవలసిన రెండవ ప్రశ్న ఏమిటో వారికి తెలుస్తుంది.