సత్ప్రసాదం వరసలో

కాన్వెంటులో చదివిన పిల్లని యిట్టే పోల్చీవచ్చు అనేది మా మామ్మ. రామాలయంలోకి వెళ్ళినా ముందు కుడి మోకాలు వొంగుతుందట, ఆ తరవాతగాని గంట కొట్టాలని గుర్తు రాదట. ఆ పిల్లెవరో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. గజపతినగరంలో మా వీధి రామాలయంలో అలా మోకాలు వొంచి నలుగురినీ నవ్వించింది నేనే.

అప్పుడు నాకు పదేళ్ళు. 1987. విజయనగరంలో ఒక కాన్వెంటు బోర్డింగులో వుండి చదువుకునేదాన్ని. శనివారం మధ్యాహ్నం నాన్నగారు వచ్చి పాసింజరెక్కించి తీసుకొచ్చేవారు. గొట్లాం, గరుడబిల్లి దాటితే మా వూరే. సోమవారం పొద్దున్న మళ్ళీ దిగబెట్టేవారు. బోర్డింగులో లేస్తూనే ప్రార్థన, అన్నానికి ముందు ప్రార్థన, తిన్నాక ప్రార్థన. అక్టోబరు నెలంతా సాయంత్రాలు జపమాల. నెలలో మొదటి శుక్రవారం గుళ్ళో పూజ. క్రిస్మస్‌కి ముందు పశువులపాక కట్టేవాళ్ళం. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే యింట్లోంచి వెళ్ళిన పిల్లకి అదేం కష్టం? ఒంటె కాలు విరిగితే లక్కతో అతికించింది నేనే.

యిందులో దేనికీ మమ్మల్నెవరూ బలవంతపెట్టలేదు. అలాగని, వస్తావా అని అడిగినవాళ్ళూ లేరు. గంట కొట్టేవారు, అందరూ లేచేవారు, మేమూ లేచేవాళ్ళం. హిందువుల పిల్లలం బోర్డింగులో సగంమంది పైనే వుండేవాళ్ళం.

ఆ గంట మన వైపు మోగడం మొదలై నూట డెబ్భయ్యేళ్ళు దాటింది. 1846లో సవాయ్ సీమలోని అన్సీ పట్నం నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు విశాఖపట్నం వచ్చారు. మనవాళ్ళు వాళ్ళని ఫ్రెంచి ఫాదర్లనేశారు గాని, అప్పటికి సవాయ్ సార్డీనియా రాజుగారి యేలుబడిలో వుంది. 1860లోగాని ఫ్రాన్సులో కలవలేదు. ఫ్రెంచివాళ్ళంటే మన వైపు అంతకుముందే ఒక జ్ఞాపకం వుంది కదా, 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటమీద పేలిన జ్ఞాపకం! చిత్రం చూడండి, 1969లో రోము నగరంవారు పండగల పట్టిక సవరించినప్పుడు, మెత్తని మాటకి పేరుపడ్డ ఆ సేల్స్ పునీతుడి పండగ జనవరి 29 నుంచి జరిగి జరిగి సరిగ్గా 24వ తేదీకే వచ్చి కూర్చుంది. ఆ రోజు మాకు లడ్డూలు పంచేవారు. బొబ్బిలి నుంచి వచ్చిన పిల్లలూ తినేవాళ్ళు.

ఫాదర్లు వచ్చిన మరుసటేడే, 1847లో, విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ బడి వెలిసింది. 1849లో అదే అన్సీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు వచ్చారు. వాళ్ళు మొదట అడుగుపెట్టింది యానాంలో. ఆడపిల్లకి అక్షరమెందుకని మన యిళ్ళల్లో యింకా వాదించుకుంటున్న కాలం అది. సముద్రం దాటి వచ్చిన ఆడవాళ్ళు యీ యెండల్లో, యీ జ్వరాల్లో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారంటే ఆ ఋణం చిన్నది కాదు. ఋణం వుంది కదా అని లెక్క అడక్కూడదనీ లేదు.

1854లో లండన్ నుంచి చార్లెస్ వుడ్ దొరగారి తాఖీదు వచ్చింది. సర్కారు బడుల్లో మతబోధ వుండకూడదు. ప్రైవేటు బడులకి మాత్రం మామూలు చదువు బాగా చెబితే గ్రాంటు యివ్వచ్చు, అక్కడ చెప్పే మతం సంగతి యినస్పెక్టర్లు చూసీచూడనట్టు పోవాలి. మిషను బడులకి అది బాగా కలిసొచ్చింది. మన పెద్దవాళ్ళూ తమ లెక్క తాము చూసుకున్నారు. ఇంగ్లీషు వస్తుంది, అదుపు వస్తుంది, ఆడపిల్లకి భద్రం. ప్రార్థనంటారా, అదీ దేవుడి పేరే కదా! చెవిన పడ్డ మంచిమాట వూరికే పోదని సిస్టర్ల నమ్మకం, యీ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుందిలెమ్మని తండ్రుల నమ్మకం. యీ రెండు నమ్మకాల మధ్యా చేతులు జోడించి నిలబడ్డది పిల్ల.

మా పెద్దమేనత్త విశాఖపట్నంలో కాన్వెంటులో చదివింది. అది 1950ల మాట. అప్పుడు పూజంతా లాటిన్‌లో. ఫాదరు పీఠంవైపు తిరిగి, జనానికి వీపు పెట్టి, అర్థంకాని మంత్రాలు చదివేవారట. "అచ్చం మన గుళ్ళోలాగే వుండేదే, అందుకే నాకే తేడా తెలీలేదు" అనేది. 1963 డిసెంబరులో వాటికన్ మహాసభ దేశభాషల్లో పూజ చేసుకోవచ్చని తీర్మానించింది. నా కాలానికి ఫాదరు మా వైపు తిరిగారు, మంత్రాలు తెలుగయ్యాయి. అర్థమైతే తేడా తెలియాలి కదా? నాకింకా తెలియకుండా పోయింది!

కారణం ఆ తెలుగే. కేథలిక్కుల తెలుగు విన్నారా మీరెప్పుడైనా? చర్చిని గుడి అంటారు. మాస్‌ని పూజ అంటారు. తావళం జపమాల. ఉపవాసాల నలభై రోజులూ తపస్సుకాలం. అది మొదలయ్యే రోజున నుదుట బూడిద పెడతారు, దాని పేరు విభూది బుధవారం. శివరాత్రి విభూది అప్పటికి నా నుదుటిమీద యెన్నిసార్లు పడిందో! యిది పెట్టించుకోడానికి నాకేం సందేహం వస్తుంది? వాళ్ళు నాలికమీద వుంచే ఆ పల్చని తెల్లని బిళ్ళ పేరేమిటో తెలుసునా? దివ్యసత్ప్రసాదం.

యీ పోకడ యివాళ్టిది కాదు. 1606లో మధురకి వచ్చిన రాబర్టు నొబిలీ అనే ఇటలీ దేశపు జెసూట్ ఫాదరు కాషాయం కట్టి, మాంసం మాని, సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చి సన్యాసిలా బతికాడు. మధుర నాయకులు తెలుగువాళ్ళు, తెలుగు రాకపోతే అక్కడ పని జరగదు మరి. పోర్చుగీసు మాటలు తీసిపారేసి, కోవిల్, గురువు, వేదం, పూజ, ప్రసాదం అనే మాటల్ని తన మతానికి వాడుకున్నాడు. దానిమీద రోములో పెద్ద గొడవే అయింది. మతం మారిన బ్రాహ్మలు జంధ్యం వుంచుకోవచ్చు, గంధం పెట్టుకోవచ్చు అని 1623లో పోపు వొప్పుకున్నాడు. 1744లో యింకో పోపు పగ్గాలు గట్టిగా బిగించాడు. మళ్ళీ 1969లో రోము మన దేశానికి పన్నెండు సంగతులు వొప్పుకుంది. చెప్పులు విప్పి రావడం, నేలమీద కూర్చోడం, చేతులు జోడించడం, కొవ్వొత్తికి బదులు నూనెదీపం, హారతి. మా బోర్డింగు గుళ్ళో పండగరోజుల్లో పెద్ద క్లాసు అక్కలు యిత్తడి పళ్ళెంలో హారతి యిచ్చేవారు. కళ్ళకద్దుకోడానికి పళ్ళెం నా దగ్గరికి రాలేదేమా అని నేను చూసేదాన్ని.

అలా చూసి చూసి, ఒక మొదటి శుక్రవారం నేనూ వరసలో నిలబడ్డాను.

మా బెంచీలో నా పక్క కూర్చునే పిల్ల నా ముందు వుంది. సాలూరు వైపు పాలెం నుంచి వచ్చింది. లెక్కల్లో నాకంటే గట్టిది, ఇంగ్లీషులో నేను గట్టి. దాని నాలికమీద బిళ్ళ పెట్టారు. అది చేతులు జోడించి పక్కకి తప్పుకుంది. నేను నాలిక చాపాను.

ఫాదరు నుదుట బొట్టు చెరిగిన గుర్తు చూశారో, సిస్టరెవరైనా కళ్ళతో చెప్పారో తెలీదు. వొంగి మెల్లిగా అడిగారు, "జ్ఞానస్నానం అయిందా అమ్మా?"

మొదటి రెండక్షరాలూ నా చెవిన పడలేదు. "పొద్దున్నే చేసేనండీ, తలంటు కూడా" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా తలమీద చెయ్యి వుంచి ఏదో దీవించి పంపేశారు. వెనక వరసలో పెద్దపిల్లలు నవ్వారు. అంతే జరిగింది. ఒక్క కసురుమాట లేదు. కాని ఆ నడవలో వట్టి నాలికతో నా చోటుకి తిరిగి రావడం నాకిప్పటికీ గుర్తే.

వాళ్ళ నమ్మకం తరవాతెప్పుడో తెలుసుకున్నాను. పూజలో ఆ మాటలు పలికాక అది రొట్టె కాదు, సాక్షాత్తూ క్రీస్తు శరీరం. జ్ఞానస్నానం పొంది, ఆ విశ్వాసంతో మొదటిసారి సిద్ధపడి తీసుకునేవాళ్ళకే అది. బూడిద యెవరైనా పెట్టించుకోవచ్చు, దీవెన యెవరైనా పొందవచ్చు, యిది మాత్రం కాదు. అన్ని మాటలూ మన గుళ్ళోవే, చట్టం మాత్రం వేరు.

ఆ శనివారం యింటికొచ్చి చెబితే మామ్మకి రెండు కోపాలొచ్చాయి. "తినీబోయేవటే అది?" అని ఒకటి. "పసిపిల్ల నోరు తెరిస్తే పెట్టకుండా పంపేసేరా?" అని రెండోది. రెండోదే పెద్ద కోపం. "ప్రసాదం లేదంటారా యెక్కడేనా? మా పుట్టింటి వూళ్ళో గుళ్ళో యెవరు చెయ్యి చాపినా పెట్టీవారు!"

తాతగారు పేపరు దించారు. "యెవరు చాపినానా?"

మామ్మ మాట్లాడలేదు. ఆయనే చెప్పారు. ఆ వూళ్ళో శ్రీరామనవమికి పాలెంవాళ్ళు గేటుదాకానే వచ్చేవారట. పానకం యెత్తునుంచి వాళ్ళ చెంబుల్లో పోసేవారట, చెంబు చెంబుకి తగలకుండా. అందరూ గుళ్ళోకి రావచ్చని మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. చట్టం వచ్చాక కూడా గేటు తెరవడానికి చాలా రోజులు పట్టిందట.

నా పక్క బెంచీ పిల్ల తాత అలాంటి యే గేటు బయటో నిలబడే వుంటాడని నాకప్పుడు తోచలేదు. పదేళ్ళకి తోచే సంగతి కాదది. మన వైపు జ్ఞానస్నానం తీసుకున్న కుటుంబాలు చాలా వాటికి ఆ గేటు అనుభవం వుంది. గుడి మారినా కులం వెనకాలే వెళ్ళిందనుకోండి, తమలోనూ అంటరానితనం వుందని కేథలిక్ బిషప్పుల సభవారే 2016లో కాగితంమీద వొప్పుకున్నారు. అయినా ఆ శుక్రవారంనాటి వరసలో దానికి దొరికింది, నాకు దొరకలేదు. పుట్టాక మొదటిసారి నేను గేటుకి ఆవల వున్నాను, అదీ రెండు నిమిషాలు.

మరి అడగవలసిన మాట? అది మన రాజ్యాంగంలోనే వుంది. ఇరవై యెనిమిదో అధికరణం, మూడో క్లాజు. సర్కారు గుర్తించిన బడిలోగాని, సర్కారు సొమ్ము తీసుకునే బడిలోగాని చదివేవాళ్ళెవరినీ వాళ్ళ వొప్పుకోలు లేకుండా మతబోధకి, ఆరాధనకి రమ్మనకూడదు. మైనరైతే సంరక్షకుడు వొప్పుకోవాలి. 1950 నుంచి అమల్లో వున్న మాటే. మా నాన్నగారు గుమాస్తా, నిబంధనలు కంఠతా వచ్చినవారు. ఆయన్నెవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. అడిగితే సీటు పోతుందేమోనని భయం కాదు. అడగవలసిన సంగతి వుందనే తోచలేదు. మొగుడు యే గదిలో పడుకోమంటే ఆ గదిలో, మేష్టరు యే బెంచీలో కూర్చోమంటే ఆ బెంచీలో, ఆడపిల్ల వొప్పుకోలు యెవరడుగుతారు, కాన్వెంటువాళ్ళొక్కరే అడగాలా? నాకు కోపం వస్తే అక్కడ వస్తుంది, ప్రార్థన మీద రాదు. ఆ ప్రార్థనలు యిప్పటికీ నోటికి వచ్చు. కరెంటు పోయి పిడుగులు పడే రాత్రి మధ్యలో అర్జున, ఫల్గుణలతో పాటు అవీ వస్తాయి.

2024లో బిషప్పుల సభవారు తమ బడులకి కొన్ని సూచనలు పంపారు. వేరే మతాల పిల్లలమీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దకండి, పొద్దున్న అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించండి, అన్ని మతాలవాళ్ళూ కూర్చునే ప్రార్థన గది ఒకటి పెట్టండి అని. బయట గాలి వేడెక్కిందనే రాసి వుండచ్చు. యెందుకు రాసినా మంచి మాటే. అయితే పశువులపాకలో ఒంటె కాలు అతికించే పని కూడా హిందువుల పిల్లకి లేకుండా చేస్తారేమోనని నాకు చిన్న బెంగ.

ఆ సోమవారం నేను బోర్డింగుకి తిరిగి వెళ్ళేసరికి నా డెస్కులో నోటుబుక్కు కాగితం పొట్లం వుంది. నా పక్క పిల్ల పెట్టింది. కాన్వెంటు వెనక వంటింట్లో ఒక ముసలి సిస్టరు గోధుమపిండి, నీళ్ళు కలిపి, యినప అచ్చుల మధ్య పోసి పల్చని రేకులు కాల్చేది. వాటిలోంచి గుండ్రాలు కోసి గుడికి పంపేది. మిగిలిన అంచులు పిల్లలకి పెట్టేది. పూజలో పెట్టనివి కనక అవి యెవరైనా తినచ్చు. పొట్లం నిండా ఆ అంచులు, మధ్యలో గుండ్రటి కంతలతో.

సగం తిని సగం దాచి శనివారం యింటికి పట్టుకెళ్ళాను. మామ్మ పొట్లం విప్పి దీపం దగ్గర పెట్టి చూసింది. "దీనిమీద మంత్రమేం పళ్ళేదు కదా?" అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించింది.

"ఉప్పు మరిచిపోయేరే, పాపం" అంది.