పెద్దప్రేగులో పైకి ప్రాకే వ్యాధి

1859 మే నెలలో లండన్ చేరువనున్న రిచ్మండ్‌లో ఇసబెల్లా బ్యాంక్స్ అనే మహిళ వారాల తరబడి వాంతులతో, విరేచనాలతో కృశించి మరణించింది. ఆమెను పెండ్లాడిన థామస్ స్మెథర్‌స్ట్ స్వయంగా వైద్యుడు. అంతకు పూర్వమే భార్య గలవాడు. మరణానికి కొలది రోజుల ముందు ఆమె చేసిన వీలునామా ఆయనకే అనుకూలంగా ఉన్నది. అనుమానానికి ఇంతకంటె కావలసినదేమున్నది? విషప్రయోగమని అభియోగం వచ్చింది. గైస్ ఆసుపత్రికి చెందిన ప్రఖ్యాత విషశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ టేలర్ ఒక సీసాలో ఆర్సెనిక్ ఉన్నదని మొదట చెప్పి, అది తాను పరీక్షకు వాడిన రాగి వల నుండి వచ్చినదని పిమ్మట ఒప్పుకొన్నాడు. అయినను ఆగస్టులో ముద్దాయికి మరణశిక్ష పడింది. హోం మంత్రి ఆ సాక్ష్యమంతటినీ సర్ బెంజమిన్ బ్రోడీ అనే శస్త్రవైద్యునికి పంపగా, నేరం నిస్సంశయంగా ఋజువు కాలేదని ఆయన అభిప్రాయపడినాడు. స్మెథర్‌స్ట్ ఉరికంబం తప్పించుకొని, రెండవ పెండ్లి నేరానికి మాత్రం ఒక సంవత్సరం చెరసాలలో గడిపినాడు.

ఈ వ్యాజ్యంతో మనకేమి పని అని శ్రోతలు అడుగవచ్చును. టేలర్ పనిచేసిన ఆసుపత్రిలోనే ఉన్న శామ్యూల్ విల్క్స్ మృతురాలి ప్రేగులను పరిశీలించి, తాను చూచినదానిని ఆ యేడే ఒక వైద్యపత్రికకు లేఖగా వ్రాసినాడు. పెద్దప్రేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి ఉన్నది. అల్సరేటివ్ కొలైటిస్, అనగా పెద్దప్రేగు పుండ్ల వ్యాధి, చరిత్రను వైద్యులు ఆ లేఖతోనే ప్రారంభిస్తారు. చిన్నప్రేగు చివరి భాగం కూడ చెడి ఉన్నందున ఆమెకు వచ్చినది నిజానికి క్రోన్స్ వ్యాధి అయి ఉండవచ్చునని తరువాతివారు కొందరు తలచినారు. పేరు పుట్టిన చోటనే పొరపాటు కూడ పుట్టినదేమో!

విల్క్స్ నేర్చినది మృతదేహాన్ని చూచి. ఆ తరం వైద్యులందరి పరిస్థితి అదే. 1909లో లండన్ రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో జరిగిన చర్చకు నగరంలోని పెద్ద ఆసుపత్రుల నుండి 300 మందికి పైగా రోగుల వివరాలు సమకూర్చినారు. వారిలో దాదాపు సగం మంది మరణించినవారే. ఆసుపత్రిలో చేరేటంతటి తీవ్రరోగులను, శవపరీక్ష బల్లపైకి వచ్చినవారిని మాత్రమే చూచినవారికి, ఇది పెద్దప్రేగునంతటినీ ఆక్రమించి ప్రాణం తీసే వ్యాధిగా తోచడంలో వింత లేదు. తేలికగా జబ్బుపడి ఇంట బాధపడేవాడు వారి లెక్కలోకి రానేలేదు.

దృష్టిని మార్చినది సిగ్మాయిడోస్కోపు అనే దీపపు గొట్టం. మలద్వారం గుండా దానిని లోనికి పంపి, బ్రతికి ఉన్న మనిషి ప్రేగు లోపలి పొరను కంటితో చూడగలిగినారు. అప్పుడు తెలిసినది ఈ వ్యాధి నడక. ఇది సాధారణంగా పురీషనాళంలో, అనగా మలద్వారానికి ఎగువనున్న జానెడు భాగంలో మొదలవుతుంది. అక్కడ నుండి పైకి, మధ్యలో మంచి చోటు విడువకుండా, పచ్చగడ్డిలో నిప్పు కాక ఎండుగడ్డిలో నిప్పువలె ప్రాకుతుంది. క్రోన్స్ వ్యాధి అట్లు కాదు. అది ఇక్కడ కొంత, అక్కడ కొంత పట్టి, ప్రేగు గోడ లోతుకంతా దిగుతుంది. మన వ్యాధి చాలవరకు పైపొరకే పరిమితం.

అందరిలోనూ అది పైదాకా ప్రాకదు. కొందరిలో పురీషనాళంలోనే ఏండ్ల తరబడి నిలిచిపోతుంది. కొందరిలో ఎడమవైపు ప్రేగు వరకు పోతుంది. కొందరిలో మొదటి పరీక్షనాటికే పెద్దప్రేగంతా పట్టి ఉంటుంది. కొద్దిచోటనే మొదలైనవారిలో పదేండ్లలో సుమారు నాలుగవ వంతు మందికి పైకి విస్తరిస్తుందని ఇటీవలి పరిశీలనల సారాంశం. కొంతకాలం అణగి, మరల రేగడం దీని స్వభావం.

మందులు వచ్చిన తరువాత కథ మారింది. స్వీడన్‌కు చెందిన నానా స్వార్ట్జ్ అనే వైద్యురాలు సల్ఫసలజిన్‌ను 1940 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చింది. 1955లో ట్రూలవ్, విట్స్ అనే ఆక్స్‌ఫర్డ్ వైద్యులు 210 మంది రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు కార్టిసోన్, రెండవ జట్టుకు మందు లేని మాత్రలు ఇచ్చి చూచినారు. ఆరు వారాలకు కార్టిసోన్ జట్టులో 41 శాతానికి, రెండవ దానిలో 16 శాతానికి మాత్రమే వ్యాధి అణగింది.

ప్రాకిన దూరం లెక్క ఎందుకంటే, 1925లో క్రోన్, రోజెన్‌బర్గ్ సిగ్మాయిడోస్కోపులో ఈ వ్యాధి కనిపించే తీరును వర్ణిస్తూ ఒక రోగికి కాన్సరు వచ్చిన సంగతి తెలిపినారు. ప్రేగులో ఎక్కువ భాగం పట్టినవారికి, ఏండ్లు గడిచిన కొలదీ, ఆ భయం పెరుగుతుంది. పురీషనాళంలోనే నిలిచినవారికి దాదాపు లేదు. అందుచేత లక్షణాలు మొదలైన ఎనిమిదేండ్లకు పెద్దప్రేగు మొత్తం కొలనోస్కోపుతో చూడవలెనని నేటి వైద్యులు చెప్పుతారు.

మన దేశంలో రక్తం, జిగట కలిసిన విరేచనమంటే అమీబా అనుకోవడం చిరకాలపు అలవాటు. అమీబా ఉన్నవానికి పొరపాటున కార్టిసోన్ వంటి మందు ఇస్తే ప్రాణాపాయం. లేనివానికి ఏండ్ల తరబడి అమీబా మందులే ఇస్తూ పోతే లోపల వ్యాధి మెల్లగా పైకి నడుస్తూనే ఉంటుంది. ఇది పాశ్చాత్యుల వ్యాధి, మనవారికి అరుదు అన్న మాట కూడ ఒకప్పుడు వినిపించేది. పంజాబులో 51,910 మందిని ఇంటింటా విచారించి, 2003లో ప్రకటించిన పరిశీలనలో 23 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. అనగా లక్షకు 44 మంది.