వాహన రిజిస్ట్రేషన్ సంకేతాలు: ఏపీ 36 నుండి టీజీ 25 వరకు

చిట్యాల (జయశంకర్ భూపాలపల్లి జిల్లా): ఒకే వీధిలో ఏపీ 36, టీఎస్ 03, టీఎస్ 25, టీజీ 25 నంబర్ల వాహనాలు నిలిచి ఉండుట ఈ మండలంలో సాధారణ దృశ్యము. పాత అక్షరాలు చెల్లవేమోనన్న అనుమానం పలువురికి కలుగుచున్నది. రిజిస్ట్రేషన్ గడువు ఉన్నంతవరకు ఈ నాలుగూ చెల్లును.

ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఏపీ 36 సంకేతముగా ఉండెడిది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిదప వరంగల్‌కు టీఎస్ 03 కేటాయించబడినది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో చిట్యాల మండలం భూపాలపల్లి జిల్లాలో చేరినది. అప్పుడు భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 సంఖ్యలు వచ్చినవి. 2024 మార్చిలో టీఎస్ స్థానంలో టీజీ అమలులోకి వచ్చినది. జిల్లా సంఖ్యలు మారలేదు. ఈ మార్పు కొత్త రిజిస్ట్రేషన్లకే గాని పాత వాహనాలకు వర్తించదు. ఆర్.సి.లో టీఎస్ అని ఉండగా ప్లేటుపై టీజీ అని స్వయంగా వ్రాయించుకొనుట శిక్షార్హము.

ఏపీ అక్షరాలు గల వాహనాలన్నీ ఒకటి కావు. రాష్ట్ర విభజనకు పూర్వం వరంగల్‌లో రిజిస్టరయిన ఏపీ 36 వాహనం ఈ రాష్ట్రపు వాహనమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి జిల్లా సంఖ్యలకు బదులు రాష్ట్రమంతటికీ ఏపీ 39 ప్రవేశపెట్టబడినది. ఆ నంబరు గల బండి ఇక్కడ పరరాష్ట్ర వాహనమగును. కాళేశ్వరం వంతెన దాటి సిరొంచ వైపు నుండి వచ్చు ఎంహెచ్ 33 గడ్చిరోలి వాహనాలకూ ఇదే సూత్రము.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం పరరాష్ట్ర వాహనమును 12 నెలలకు మించి ఇక్కడ ఉంచినచో కొత్త నంబరు పొందవలెను. అందుకు మొదటి రిజిస్ట్రేషన్ కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడి పన్ను చెల్లించవలసి ఉండును. 2021లో ప్రవేశపెట్టిన భారత్ సిరీస్ వాహనాలకు ఈ బాధ లేదు.

రాష్ట్రంలోని జిల్లాల మధ్య నంబరు మారదు. జనగామలో టీఎస్ 27 బండిని కొన్న చిట్యాల వాసి అదే నంబరుతో నడుపుకొనవచ్చును. అయితే యాజమాన్య బదిలీని మాత్రం విస్మరించరాదు. విక్రేత 14 రోజులలో, కొనుగోలుదారు 30 రోజులలో రవాణా కార్యాలయానికి తెలియజేయవలెను. నవీన్ కుమార్ – విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పు ప్రకారం, బండి ఎన్ని చేతులు మారినను, ప్రమాదం జరిగినపుడు నష్టపరిహార బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదే. సంతకం చేసిన ఖాళీ ఫారాలతో బండ్లు అమ్ముకొనువారు గమనించవలసిన తీర్పు ఇది.

వ్యక్తిగత వాహనాల రిజిస్ట్రేషన్ గడువు 15 సంవత్సరములు. కనుక ఏపీ 36 సంకేతం గల ఇట్టి వాహనాలలో చివరివాటికి కూడ 2029లో గడువు ముగియును. సామర్థ్య పరీక్షలో నెగ్గిన బండికి, అదే నంబరుపై, మరి 5 సంవత్సరాలు పొడిగింపు లభించును.